మూడు పొద్దుల కషాయం

మా అమ్మకు కామెర్లు తెప్పించింది నేనే. ఆ మాట డాక్టరుకు చెప్పడానికే నాకు మూడు రోజులు పట్టింది. చుట్టాలకు ఫోన్ చేసి చెప్పడానికి ఇంకో వారం. ఇలా కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు.

2020 జూన్‌లో పాసు తీసుకుని హైదరాబాదు నుంచి మా ఊరు చేరాను. గిద్దలూరు వైపు, నల్లమల కొండలు కళ్లెదుట కనబడే ఊరు. ఇరవై రెండేళ్లుగా సంక్రాంతికి వచ్చి కనుమ మర్నాడే బయల్దేరిన మనిషిని. మా నాన్న పోయినప్పుడు చివరి చూపుకు కూడా అందలేదు. ఇంట్లో అమ్మ ఒక్కతే. బయట చూస్తే రోజూ కరోనా చావు వార్తలు. ఈసారి అమ్మ విషయంలో ఆలస్యం చేయకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. నేను చేసిన పని వెనక ఆ భయం ఉంది, ఆ బాకీ ఉంది. సాకు కోసం చెప్పడం లేదు. ఉన్నమాట గనక చెబుతున్నాను.

మొదటి వారమంతా చేల గట్ల మీద, వాగు వెంట తిరిగాను. పంచెకు అంటుకునే ఉత్తరేణి గింజలు, చేత్తో నలిపితే ఘాటుగా వచ్చే వావిలాకు వాసన, వాన పడగానే నేలంతా పరుచుకునే గలిజేరు. అన్నీ చిన్నప్పుడు కాళ్లకింద పడినవే. పేర్లు మాత్రం పోయాయి. ఆకును ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ నా ఫోన్లో ఉంది. పేరు దొరికితే చాలు, దాని గుణాలు చెప్పే వీడియోలు పదుల కొద్దీ ఉన్నాయి. వారం తిరిగేసరికి ముప్ఫై మొక్కల పేర్లు నోటికొచ్చాయి. రోజుకో ఆకు ఫోటో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ని. అందరూ మెచ్చుకున్నారు. ఊరు వదిలేసి వెళ్లినవాణ్ని కాను, ఊరివాణ్నే అని ఎవరికో రుజువు చేసుకుంటున్నట్టుండేది.

మా పెరట్లో బావి పక్కన పెద్ద వేపచెట్టు ఉంది. దాన్ని అల్లుకుని తిప్పతీగ. కాండం మీద పలుచని పొర కాగితంలా లేస్తుంది, గోటితో గీకితే కింద పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల బండి చక్రం ఆకుల్లాగా గీతలు. కోసి పారేసినా, గోడ మీద పడేసినా ఎండిపోకుండా చిగురేస్తుంది. అందుకే సంస్కృతంలో దానికి ఛిన్నరుహ అని పేరు, తెగినా మొలిచేది అని. ఇంకో పేరు అమృత. వేప మీద పాకిన తిప్పతీగకు గుణం ఎక్కువంటారు. రోగనిరోధక శక్తి కోసం ఆ ఏడాది దేశమంతా దాని వెంటే పడింది. నా ఇంటి వెనకే ఉన్నదాని కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది.

తొలి ఏకాదశి నాడు మొదలుపెట్టాను. వేలు లావు కాండం జానెడు ముక్క కోసి, దంచి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచి, వడకట్టి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ ఒక గుక్క తాగి నా మొహం చూసింది.

"ఎన్నాళ్లు తాగాల్రా ఇది?"

"రోజూ తాగాలమ్మా. ఈ జబ్బు పోయేదాకా."

"మీ జేజి జ్వరమొస్తే ఇచ్చేది. మూడు పొద్దులే. నాలుగో పొద్దు మనం అడిగినా ఇచ్చేది కాదు. ఇంత ముక్క కూడా యెయ్యదు."

"దాని పేరే అమృత అమ్మా. అమృతం ఎక్కువైతే ఎవరికన్నా చెడు జరుగుతుందా?"

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. నేను చదువుకున్నవాణ్ని. పైగా ఆమెకోసం పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర నిలబడుతున్నాను. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది. పదిహేనేళ్లుగా పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషి. దానికీ దీనికీ పొసగుతుందా అన్న ఆలోచనే నాకు రాలేదు. చెట్టుమందుకు దుష్ఫలితాలుండవని ఎక్కడ విన్నానో గుర్తులేదు, ఎప్పుడూ అనుమానించిన గుర్తూ లేదు.

అంతటితో ఆగలేదు. అడిగిన చుట్టాలందరికీ తీగ ముక్కలు కోసి, తడిగుడ్డలో చుట్టి, వచ్చేపోయే వాహనాల్లో పంపాను. మొత్తం పదకొండు ఇళ్లకు. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు ఏ మాత్రలు మింగుతున్నారో ఒక్కర్నీ అడగలేదు.

ఆగస్టు 22న వినాయక చవితి. అమ్మకు కుడుములంటే ప్రాణం. ఆ రోజు విస్తరి ముందు కూర్చుని, ఆవిరి వాసనకే మొహం తిప్పుకుంది. నోరు చేదుగా ఉందంటే కషాయం చేదనుకున్నాను. నీరసమంటే ఉపవాసమనుకున్నాను. మూడో రోజు బావి దగ్గర మొహం కడుక్కుని తల ఎత్తినప్పుడు వెలుగులో ఆమె కళ్లు చూశాను. తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందని సిగ్గుపడుతూ చెప్పింది. రాత్రిళ్లు ఒళ్లంతా దురద.

ఇక్కడైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. కామెర్లంటే నేలఉసిరి అని నా ముప్ఫై మొక్కల జాబితాలో ఉంది. చేని గట్టుకు పోయాను. రెమ్మ తిరగేస్తే ఆకుల కింద వరసగా ఆవగింజంత కాయలు, బుల్లి ఉసిరికాయల్లాగే. వేళ్లతో సహా పిడికిళ్ల కొద్దీ పీకాను. రెండు రోజుల్లో ఆ గట్టు బోసిపోయింది. నూరి మజ్జిగలో కలిపి ఇచ్చాను. తిప్పతీగ కషాయం కూడా ఆపలేదు. ఒంట్లో బాగాలేనప్పుడే రోగనిరోధక శక్తి ఎక్కువ కావాలని నా లెక్క. ఆస్పత్రికి పోతే కరోనా అంటుకుంటుందన్న భయమొకటి. అలా తొమ్మిది రోజులు గడిపాను. ఆ తొమ్మిది రోజుల్లో పూటపూటకూ ఆమెకు నేను పోసిందేమిటో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం ముద్ద దిగదు.

పదో రోజు అమ్మ మంచం దిగలేకపోయింది. కారులో పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లాం. ముందు కరోనా పరీక్ష చేశారు, లేదన్నారు. ఒకటి దాటకూడని బిలిరుబిన్ పద్నాలుగుంది. నలభై దగ్గర ఉండాల్సిన కాలేయపు ఎంజైము వెయ్యి దాటింది. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ చూశారు. ఏదీ లేదు. రిపోర్టులు పట్టుకుని డాక్టరు మంచం దగ్గరికొచ్చి నన్ను అడిగాడు.

"నాటుమందులు, పసర్లు, కషాయాలు ఏమన్నా వాడారా?"

"లేదు సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో పూర్తిగా చెప్పలేను. ఆయన తిడతాడని భయపడ్డానా, ఊరి వైద్యాన్ని తక్కువ చేసి మాట్లాడతాడని పౌరుషానికి పోయానా, లేక మనసులో ఒక మూల నాకప్పటికే అంతా తెలిసిపోయిందా. అమ్మ పడుకునే నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తర్వాత కళ్లు మూసుకుంది. కన్నకొడుకును నలుగురిలో అబద్ధాలకోరును చేయడం ఇష్టంలేక, తన కాలేయం పాడవుతున్నా నోరు విప్పలేదు.

మూడో రోజు డాక్టరు బయాప్సీ మాట ఎత్తాడు. పక్కటెముకల మధ్య నుంచి సూది దించి కాలేయం ముక్క తీసి చూడాలన్నాడు. సూది మాట వినగానే నాకు కాళ్లు వణికాయి. వరండాలోకి ఆయన వెనకే పరుగెత్తి మొత్తం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఊరి వైద్యం గురించి ఒక్క మాట కూడా తేలికగా అనలేదు. జేబులోంచి పెన్ను తీసి, ఏ మొక్క, ఏ భాగం, రోజుకు ఎంత, ఎన్నాళ్లు, ఇంకేం కలిపారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. "అన్నీ ఆపేయండి. రెండు మూడు రోజులు చూద్దాం," అన్నాడు. థైరాయిడ్ ఎప్పటి నుంచని మళ్లీ అడిగాడు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే రకం ఒకటుందని, అమ్మది అదేనని, అలాంటి ఒంట్లో ఆ వ్యవస్థను ఇంకా రెచ్చగొట్టే మందు పడితే కాలేయం మీదికి పోవచ్చని ఓపిగ్గా చెప్పాడు. నేను ఏ శక్తిని పెంచాలని రెండు నెలలు కష్టపడ్డానో, ఆమెకు కీడు చేసింది ఆ శక్తే కావచ్చన్నమాట.

బిలిరుబిన్ మెల్లగా దిగింది. సూది అవసరం పడలేదు. దీపావళికి అమ్మ కళ్లు తెల్లబడ్డాయి. కాలేయం నయమయ్యే అవయవం కాబట్టి నాకు అమ్మ దక్కింది.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను, డాక్టరు అడిగినప్పుడు నువ్వైనా ఎందుకు చెప్పలేదని. "నన్నడగలేదు గదా నాయనా. నిన్నడిగాడు. నువ్వు చెప్తావని చూశా," అంది. ఇంతకంటే ఆమె ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

పదకొండు ఇళ్లకూ ఫోన్ చేశాను. అదొక వారం పట్టింది. కొందరు అప్పటికే ఆపేశారు. ఇద్దరు వెళ్లి పరీక్షలు చేయించుకున్నారు, ఏమీ లేదన్నారు. ఒకాయన మాత్రం నీ చాదస్తంగానీ నాకేం కాలేదని నవ్వేసి తాగుతూనే ఉన్నాడు. ఆయనకు నిజంగానే ఏమీ కాలేదు. ఈ విషయంలో జనాన్ని ఒప్పించడం కష్టమయ్యేది అందుకే. వందమందికి పడుతుంది. పడనివాళ్లెవరో ముందుగా వాళ్ల నుదుటి మీద రాసి ఉండదు.

2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి వైద్యపత్రికలో రాశారు. మరుసటి ఏడు దేశంలోని 13 ఆస్పత్రుల వైద్యులు కలిసి అలాంటి 43 మంది వివరాలు ప్రకటించారు. తాగడం మొదలుపెట్టిన నెలన్నరకు అటూ ఇటూగా లక్షణాలు బయటపడటం, ముందునుంచీ థైరాయిడ్ వంటి జబ్బులున్నవాళ్లు కూడా అందులో ఉండటం చదివి, అది మా అమ్మ కథే అనుకున్నాను. 2022 ఫిబ్రవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇంకో మాట చెప్పింది. తిప్పతీగ మంచిదేనని, దాన్ని పోలిన మరో జాతి తీగ ఉందని, జనం పొరబడి దాన్ని వాడుతున్నారేమోనని. ఆ రెండోదానికి కాండం బూడిద రంగులో ఉండి బొడిపెలు తేలి ఉంటాయి, గీకితే పాలు వస్తాయి, పువ్వుకు మూడే రేకులు.

ఇది చదివిన రాత్రి నాకు ఎంత ఊరట కలిగిందో దాచకుండా చెప్పాలి. తీగ వేరైతే తప్పు నాది కాదు. పోలికది. యాప్‌ది. టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి పోయి కాండం మీద బొడిపెల కోసం తడుముకున్నాను.

గిద్దలూరులో ఉండే వృక్షశాస్త్రం మాస్టారొకరిని బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన కాండం చూశారు, గీకి చూశారు, పాలు లేవు. పూత చూడకుండా తేల్చి చెప్పనన్నారు. ఏప్రిల్ దాకా ఆగాం. ఎండలు ముదిరాక తీగ ఆకు రాల్చి, బోడి కొమ్మల మీద గుత్తులుగా పూసింది. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, బియ్యపుగింజంత పువ్వు. ఆయన భూతద్దం నా చేతికిచ్చి లెక్కపెట్టమన్నారు. ఆరు రేకులు. ఇంకో పువ్వు తీసుకున్నాను. ఆరే. కాండం మీద చిన్న చుక్కల్లాంటి మచ్చలే గాని బొడిపెలు లేవు.

అసలైన తిప్పతీగ. నేను కోసింది సరైన తీగనే.

ఆ వేప కింద చాలాసేపు నిలబడ్డాను. మా జేజి దగ్గర ఉన్నదీ ఇదే తీగ. ఊరందరికీ ఇచ్చేది, ఎవరికీ కామెర్లు రాలేదు. ఆమె ఇచ్చేముందు నాలుక చూసేదట, కడుపు ఎలా ఉందని అడిగేదట, నీళ్లోసుకున్న ఆడవాళ్లకు అసలు ఇచ్చేది కాదట. మూడు పొద్దులు చింతపండు పులుసు మానెయ్యమనేదట. జ్వరం దిగకపోతే ఇంకో ముక్క వెయ్యకుండా ఆర్‌ఎంపీ దగ్గరికి పొమ్మనేదట. ఇవన్నీ అమ్మకు తెలుసు. నేను ఎన్నడూ అడగలేదు. జేజి వైద్యంలో తీగ ఒక వంతే. ఎవరికి, ఎంత, ఎన్ని పొద్దులు, ఏ పథ్యంతో అన్నది మిగతాదంతా. నేను ఆ ఒక వంతు కోసుకుపోయి, మిగతా వైద్యం నోరు మూయించాను. ఆ మిగతా వైద్యం నా ఎదురుగానే గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

అమ్మ జబ్బు తర్వాత నేను మొక్కల కోసం ఒంటరిగా తిరగలేదు, అమ్మతోనే పోతున్నాను. 2021 వినాయక చవితికే మొదలైంది అది. ఏకవింశతి పత్రి అని 21 రకాల ఆకులు కోయాలి. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట పోయి కోసేదట. ఉత్తరేణి, వావిలి, మారేడు, జమ్మి, రావి. జిల్లేడు ఆకు తుంచి పాలు కారగానే నా చెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి లాక్కుపోయింది. ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుందంది. గన్నేరు, ఉమ్మెత్త కోసేటప్పుడు ప్రతిసారీ చేతులు కడిగించింది. గన్నేరు గుండెను ఆపుతుంది, ఉమ్మెత్త మతి తప్పిస్తుంది. దేవుడి ముందు పెట్టే ఆకుల్లోనే ఇంత విషం ఉందని నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేను గమనించనే లేదు. పత్రి కోయడమంటే పిల్లలకు మొక్కలు నేర్పడమే అయ్యుంటుందని నాకనిపిస్తుంది. ఇప్పుడు బజార్లో కట్టలుగా అమ్ముతున్నారు, అందులో ముప్పాతిక వంతు ఏదో ఒకే చెట్టు కొమ్మలు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వాగు దగ్గర పొడపత్రి తీగ చూపించి ఒక ఆకు నమలమంది. కాసేపయ్యాక కొంగున కట్టుకొచ్చిన బెల్లం ముక్క నోట్లో పెట్టింది. ఇసుక నమిలినట్టుంది, తీపి లేదు. అరగంటకు గాని నాలుకకు రుచి తిరిగి రాలేదు. చిన్న ఆకు. నాలుక మీద ఇంత పని చేసేది కడుపులోకి పోతే ఊరుకుంటుందా అని ఆ అరగంటా ఆలోచించాను.

చెంచు గూడెం నుంచి తేనె తెచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఆయన సంచిలో ఒకసారి రెండు రకాల గింజలు చూశాను. చొక్కా గుండీలా బల్లపరుపుగా బూడిద రంగులో మెరిసేవి ముష్టిగింజలు. గుండ్రంగా చిన్నగా ఉన్నవి చిల్లగింజలు. రెండూ ఒకే ప్రజాతి చెట్లవి. చిల్లగింజ కుండ లోపలి అంచుకు రుద్దితే వాననీటి బురద తేరుకుని నీళ్లు తేటపడతాయి. ముష్టిగింజలో ఉన్నది స్ట్రిక్‌నైన్, మనిషిని కొంకర్లు పోయేలా చేసి చంపే విషం. పాత అలవాటు కొద్దీ నోరు జారి అడిగాను, "పెద్దాయనా, అడవిలో దొరికేవాటిలో కాలేయానికి ఏది మంచిది?" ఆయన సంచి మూతి బిగిస్తూ నన్నే తిరిగి అడిగారు.

"ఎవురికి?"

ఆస్పత్రి వరండాలో డాక్టరు అడిగిందీ అదే వరస. మా జేజి అడిగేదీ అదే. ఆ ప్రశ్న అడగని వీడియోలు చూసి నేను మా అమ్మకు రెండు నెలలు మందు పోశాను.

చేని గట్టు మీద నేలఉసిరి రెండు వానలకు మళ్లీ మొలిచింది. ఆ రోజుల్లోనే నేను వేళ్లతో పీకిన సుగంధిపాల మాత్రం వాగు ఒడ్డున ఆ చోట ఇంతవరకూ రాలేదు. దానికి ప్రాణం వేరులోనే ఉంటుంది. ఏడాదికోసారి పోయి చూసి వస్తున్నాను.

వేప మీద తిప్పతీగ ఉంది. ఆ ఏడాది నేను మొదలు దగ్గరే నరికేసిన కాండం పైనుంచి దారాల్లాంటి వేళ్లు కిందికి వేలాడుతూ దిగాయి. గాలికి ఊగుతూ ఊగుతూ నెలల తర్వాత నేలను అందుకున్నాయి. ఇప్పుడవి పెన్ను లావయ్యాయి. చలికాలంలో ఎర్రటి పళ్ల కోసం పిట్టలు వచ్చే తీగలు వాగు దగ్గరున్నాయి. మా పెరట్లోది మగతీగ, పూస్తుంది గాని కాయదు. కత్తి పట్టుకున్నన్నాళ్లూ ఆ సంగతి కూడా నాకు తెలియదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా కషాయమో, పసరో, చూర్ణమో తాగుతుంటే, అది మీ పెరట్లో కాసిందే అయినా సరే, వాళ్లు మింగే మాత్రల పేర్ల పక్కన దాని పేరు కూడా రాసి పెట్టుకోండి. ఎంత, ఎన్నాళ్ల నుంచి అన్నదీ రాయండి. ఆస్పత్రికి పోయినప్పుడు ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి. ఆయన అడక్కపోయినా పెట్టండి.